తొమ్మిదో ముత్యం

పేపర్లో ఆ ఫొటో పడిన రోజు నుంచి మా ఆవిడ ఇంట్లో ఒక చోట కుదురుగా నిలబడలేదు. పద్నాలుగు రోజులు. పొయ్యి మీద పాలు పెట్టి వీధి గుమ్మంలోకి వెళ్ళేది. పాలు పొంగి మంట ఆరిపోతే నేను అరిచేవాణ్ణి. ఆమె "వస్తున్నా" అంటూ ఇంకో గదిలోకి వెళ్ళేది. కాలు కాలిన పిల్లి అంటారే, అచ్చం అలాగే తిరిగింది. ఆమె తిరుగుతుంటే చూడలేక నాకూ కూర్చోబుద్ధి కాలేదు. రెండు గదుల ఇంట్లో ఇద్దరం ఎదురెదురు పడుతూ, తప్పుకుంటూ రెండు వారాలు గడిపాం.

ఫొటోలో ఉన్నది ఒక ముత్యాల దండ. ఎవరో కలిగినవాళ్ళు దాన్ని మా ఊళ్ళోనే ఉన్న ముత్యాల మ్యూజియానికి ఇచ్చేశారని రాశారు. "ఇది నేను గుచ్చిందే" అంది మా ఆవిడ. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. "అయితే వెళ్ళి చూద్దాం పద" అన్నాను. వద్దంది. సాయంత్రానికి తనే "వెళ్దామా" అంది. పొద్దున్న లేచేసరికి మళ్ళీ వద్దు. నాకు ఒళ్ళు మండింది. తన చేతి పని మ్యూజియంలో పెడితే ఎవరైనా వీధంతా చాటుకుంటారు గాని ఇలా మొహం మాడ్చుకుంటారా?

ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు ముత్యాలు గుచ్చింది. నగల కంపెనీ మేడ మీద కిటికీ పక్కన పొడుగాటి బల్ల, ఆ బల్ల దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు. ముత్యాలు గుచ్చడం అంటే పూలు గుచ్చినట్టే అనుకుంటారు జనం. నేనూ పెళ్ళయిన కొత్తలో "ఇదీ ఒక పనేనా" అని నోరు జారి, రెండు రోజులు మాటల్లేని భోజనం తిన్నాను. తర్వాత తనే చూపించింది. పట్టుదారం. ప్రతి ముత్యం తర్వాత ఒక ముడి. ఆ ముడిని సూది మొనతో ముత్యానికి ఆనుకునేదాకా నెట్టాలి. వదులైతే ముత్యాలు ఒకదానికొకటి రాసుకుని గీతలు పడతాయి. బిగుతైతే దండ కర్రలాగా నిలబడుతుంది, మెడ మీద వాలదు. పాత దండ తిరిగి గుచ్చాలంటే ఇంకా గొడవ. ముందు గాడులున్న పళ్ళెంలో దండని పరిచి, అప్పుడు దారం కత్తిరించాలి. చివర్లలో చిన్నవి, మధ్యకొచ్చేసరికి పెద్దవి. వరస తప్పిందా, మళ్ళీ వెంట్రుక వాసి తేడాలు చూసుకుంటూ ఒక పూటంతా పోతుంది. తోటివాళ్ళు ఆమెని ముడులక్క అనేవాళ్ళు. ఆమె వేసిన ముడి ముప్పై ఏళ్ళయినా జారదని పేరు.

అలా బల్ల దగ్గర ఎనిమిది గంటలు కదలకుండా కూర్చునే మనిషి ఇంట్లో మాత్రం కూర్చోదు. మొదట్లో ఇలా ఉండేది కాదు. మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు మొదలైంది. ఎవరైనా తలుపు కొడితే ఉలిక్కిపడేది. ఇల్లు మారదామనేది. మారితే ఏడాది తిరక్కుండా ఇంకో ఇల్లు వెతకమనేది. నాలుగు ఇళ్ళు మారాం. సామాను మోసి మోసి నా నడుం విరిగింది. ఎందుకే అంటే గాలి రావట్లేదనేది, నీళ్ళు బాగాలేవనేది. గాలీ కాదు, నీళ్ళూ కాదు, నాతో కాపురమే ఆమెకి గిట్టడం లేదని నేను అనుకున్నాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇరవై ఆరేళ్ళు అదొక బాధ లోపల పెట్టుకుని తిరిగాను.

అనుకోవడానికి కారణం కూడా ఉంది. నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని. పని వచ్చు. నోరే మంచిది కాదు. నా నోటికి నాలుగు ఉద్యోగాలు పోయాయి. తోటి పనివాళ్ళు నాకు టపాకాయ అని పేరు పెడితే, ఆ పేరు పెట్టినవాణ్ణి వెతికి మరీ గొడవపడి, ఆ పేరుని ఖాయం చేసుకున్నాను.

పదిహేనో రోజు పొద్దున్న నేను గడ్డం గీసుకుంటుంటే చెప్పులేసుకుని, సంచి గుండెకి పట్టుకుని వచ్చి నిలబడింది. "పదండి, ఇప్పుడే. మళ్ళీ నా మనసు మారకముందే" అంది. సగం గడ్డంతో రానా అంటే, మీ గడ్డం ఎవరు చూస్తారంది. మిగతా సగం గబగబా గీకి, రెండు చోట్ల తెగి, బయల్దేరాను. బస్సులో సీటుంటే కూర్చోలేదు. రెండు స్టాపులు ముందే "ఇదే, ఇదే" అని దిగిపోయింది. నేను తిట్టుకుంటూ దిగాను. ఎండలో అంత దూరం నడిచాం. నేను ముందు నడిస్తే నెమ్మది అంటుంది, పక్కన నడిస్తే తొందర అంటుంది.

మ్యూజియం గుమ్మం దగ్గర కాపలావాడు సంచిని మెషీన్లో పెట్టమన్నాడు. మా ఆవిడ పెట్టలేదు. రెండు చేతులతో ఇంకా గట్టిగా పట్టుకుంది.

"పెట్టాలమ్మా. దొంగతనాలు జరుగుతున్నాయి, అందరివీ చూడాల్సిందే" అన్నాడు వాడు, మామూలుగానే.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "ఎవర్ని దొంగంటున్నావు? ఆవిణ్ణి చూస్తే దొంగలా కనపడుతోందా? మీ లోపలున్న దండ గుచ్చిన చెయ్యి అది, తెలుసా?" అని అందుకున్నాను. వాడు దొంగ అననే లేదు. వెనక వరసలో జనం మెడలు చాచి చూస్తున్నారు. అప్పుడు మా ఆవిడ గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

"ఏమండీ, మీకు దణ్ణం పెడతాను. ఊరుకోండి" అంది. సంచిని తనే తీసి మెషీన్లో పెట్టింది. అది అటు వెళ్ళి ఇటు వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. చేతిరుమాలుతో మెడ, మొహం తుడుచుకుంది. ఆ రుమాలు పిండితే నీళ్ళు కారేవి.

లోపల గదులు చల్లగా ఉన్నాయి. మొదటి గదిలో పళ్ళెమంత ఆల్చిప్పలు. ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగేవాళ్ళు కాలికి కట్టుకునే రాయి, ముక్కు మూసుకోవడానికి పెట్టుకునే, కొమ్ముతో చేసిన చిమటా. తర్వాతి గదిలో ముత్యాలని సైజుల వారీగా వేరుచేసే ఇత్తడి జల్లెడలు, ఒకదాంట్లో ఒకటి పట్టేలా పది. నాకు నచ్చాయి. ఆగి చూద్దామంటే ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగుతుంది. "టికెట్టు కొన్నది పరిగెత్తడానికా?" అన్నాను. వినిపించుకోలేదు.

ఒక్క చోట మాత్రం ఆగింది. అక్కడ ముత్యాలు గుచ్చేవాళ్ళ బల్ల పెట్టి, దాని ముందు మైనపు బొమ్మని కూర్చోబెట్టారు. తెల్లగా ఉతికిన ఏప్రాను, నిటారుగా వెన్ను, పెదాల మీద చిరునవ్వు.

"ఈ పిల్ల ఒక్క దండ కూడా గుచ్చలేదు" అంది మా ఆవిడ. "గుచ్చినదాని వెన్ను అలా ఉండదు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు. అప్పటికే పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

దండ ఆ గదిలోనే ఉంది, గాజు పెట్టెలో, నల్ల ముఖమల్ మీద. అరవై ఒక్క ముత్యాలు. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి. చుట్టూ పది మంది జనం, మధ్యలో మెడలో కార్డు వేసుకున్న గైడు అమ్మాయి.

"కొక్కెం దగ్గర నుంచి తొమ్మిదో ముత్యం చూడండి" అంటోంది. "మిగతావి తెల్లగా ఉంటే అదొక్కటే కాస్త పసుపుగా ఉంది కదా? అది పొరపాటు కాదు. పాతకాలం పనివాళ్ళు ఎంత గొప్ప దండ గుచ్చినా అందులో ఒక తక్కువరకం ముత్యం కావాలనే పెట్టేవాళ్ళు. అహంకారం రాకూడదని. దీన్ని వినయ ముత్యం అంటారు. బయట మా దుకాణంలో వినయ ముత్యం ఉన్న దండలు దొరుకుతాయి."

జనం అబ్బా అనుకున్నారు. ఒకాయన ఫోన్లో ఫొటో తీశాడు. నేను గర్వంగా మా ఆవిడ వైపు తిరిగాను. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. నా చెయ్యి పట్టుకుని నడవాలోకి తీసుకొచ్చి, అక్కడున్న బల్ల మీద కూలబడింది. కూర్చున్నదల్లా లేచింది. మళ్ళీ కూర్చుంది.

"అది వినయం కాదండీ, భయం" అంది. "అది మా అమ్మ ముత్యం. నేను పెట్టాను."

అప్పుడు చెప్పింది. ఇరవై ఆరేళ్ళ క్రితం ఆ దండ తిరిగి గుచ్చడానికి వచ్చింది. ముందు రోజు రాత్రి మా అమ్మాయికి జ్వరం, నిద్ర లేదు. దండని గాడిలో పరవకుండానే దారం కత్తిరించేసింది. చివర ముత్యాలు కొన్ని బల్ల మీద దొర్లాయి. ఏరి, వరస పెట్టి లెక్కపెడితే అరవై. బల్ల కింద వెతికింది, నేలంతా తడిమింది. అంతకు నెల ముందే ఒక ముత్యం కనపడలేదని ఆ బల్ల దగ్గరి ఇద్దరు ఆడవాళ్ళని పోలీసులకి అప్పగించారు. మేస్త్రి సాయంత్రం వచ్చి లెక్క చూస్తాడు.

ఆమె చెవులకి వాళ్ళమ్మ ఇచ్చిన ముత్యాల దిద్దులున్నాయి. ఒక దిద్దుని వేడి నీళ్ళలో వేసి బంక కరిగించి ముత్యం ఊడదీసింది. దిద్దు ముత్యానికి బెజ్జం సగం దాకానే ఉంటుంది, అదీ లావుగా. బెజ్జాలు వేసే ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన బరమా తీసుకుని, రెండో వైపు నుంచి సన్నగా తొలిచి కలిపింది. ఆ ముత్యాన్ని తొమ్మిదోదిగా గుచ్చింది. లావు బెజ్జం వైపు ముడి వేస్తే ముడి లోపలికి వెళ్ళిపోయింది. అందుకని అక్కడ రెండు ముడులు వేసింది. మేస్త్రి వచ్చాడు, లెక్కపెట్టాడు, అరవై ఒకటి, వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి దిద్దులు పాతబడ్డాయని తీసేశానంది నాతో. నేను సరే అన్నాను. ఆడవాళ్ళ దిద్దుల సంగతి నాకేం తెలుస్తుంది?

"అయితే ఏమయింది? నీ ముత్యమే కదా పెట్టావు. వాళ్ళకి నష్టమేముంది?" అన్నాను.

ఆమె సంచిలోంచి మాత్రల డబ్బా తీసింది. అందులో దూది. దూదిలో చిన్న ముత్యం.

"ఎనిమిది రోజుల తర్వాత ఇంట్లో ఏప్రాను ఉతుకుతుంటే అంచు మడతలో దొరికింది. కుట్టు ఊడి అందులోకి దొర్లింది. అప్పటికే దండ వెళ్ళిపోయింది. తీసుకెళ్ళి ఇస్తే ఏమంటారు? మీ ఇంట్లో ఎలా ఉందంటారు. దండలో ఉన్నది మరేదంటారు. రెండు నేరాలు. ఇవ్వలేను, పారెయ్యలేను. నాలుగు ఇళ్ళకీ దీన్ని మోసుకుంటూ తిరిగాను."

నాలుగు ఇళ్ళు. నేను గోడకి ఆనుకున్నాను. ఆ నిమిషంలో ముందు నాకొచ్చింది కోపం కాదు, సిగ్గులేకుండా చెబుతున్నాను, సంతోషం. నా మీద అసహ్యంతో కాదన్నమాట. ఆ వెంటనే భయం పట్టుకుంది. "పద, ఇంటికి పోదాం. ఇన్నేళ్ళు ఎవడూ అడగలేదు. ఇప్పుడు దానికి వినయం అని పేరు కూడా పెట్టుకున్నారు" అన్నాను.

"ఇది ఇచ్చెయ్యకపోతే నేను ఇంట్లో ఉండలేను. ఏ ఇంట్లోనూ ఉండలేను" అంది. "ఆఫీసరు దగ్గరికి వెళ్తాను. కానీ ఒక మాట. వాళ్ళు నన్ను దొంగన్నా సరే, మీరు నోరెత్తకూడదు. మీరు ఒక్క మాటంటే నా మాట ఎవరూ వినరు. ఊరుకోగలనంటే రండి. లేదంటే ఇక్కడే ఉండండి."

ఊరుకుంటానన్నాను. ఆమె నమ్మలేదని మొహంలోనే తెలిసింది.

ఆఫీసరు యాభై ఏళ్ళావిడ, ముక్కు మీద కళ్ళజోడు. మా ఆవిడ చెప్పినదంతా వింటూ మధ్యలో రెండుసార్లు గడియారం చూసింది. "ఇలాంటి కథలు పట్టుకుని నెలకి ఇద్దరైనా వస్తారమ్మా. పోయిన నెల ఒకాయన ఆ దండే వాళ్ళ అమ్మమ్మదన్నాడు" అంది. నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను.

"నన్ను నమ్మొద్దు. దండ తెప్పించి తొమ్మిదో ముత్యం దగ్గర ముడి చూడండి" అంది మా ఆవిడ.

ఆఫీసరు వెంటనే ఒప్పుకోలేదు. ఎవరికో ఫోన్ చేసింది, ఇంకెవరికో చేసింది. మమ్మల్ని గంట సేపు కూర్చోబెట్టారు. ఆ గంటలో నేను ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. గోడ మీది గడియారం, తలుపు, గుమ్మం బయట బూట్ల చప్పుడు. ప్రతి చప్పుడికీ పోలీసులే అనుకున్నాను. గంటకే నా పని ఇలా అయితే, ఈమె ఇరవై ఆరేళ్ళు ఎలా వేగిందో.

చివరికి గ్లౌజులు వేసుకున్న ఒకతను దండని పళ్ళెంలో తెచ్చాడు. ఆఫీసరు భూతద్దం కింద లైటు వేసి వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"కొక్కెం వైపు ఒకటే ముడి" అంది. "రెండో వైపు... రెండున్నాయి."

"బెజ్జం కూడా అటు లావుగా ఉంటుంది. దిద్దు ముత్యం కదండీ" అంది మా ఆవిడ.

మాత్రల డబ్బాలోని ముత్యాన్ని చిమటాతో తీసి ఎనిమిదోదాని పక్కన, పదోదాని పక్కన పెట్టి చూశారు. తెలుపులో తెలుపు కలిసిపోయింది. కొలిచారు. సరిగ్గా ఆ రెండింటి మధ్య సైజు. ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ వినయ ముత్యం సంగతి రాసింది నేనే" అంది నెమ్మదిగా. తర్వాత ఆవిడకి ఆఫీసు గుర్తొచ్చినట్టుంది. "కానీ చూడండమ్మా, మంచిగా తెచ్చిచ్చినా, కాయితం మీద ఇది దొంగ సొత్తే అవుతుంది."

మా ఆవిడ ఆఫీసరు వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. రాత్రి వీధి తలుపు ఎవరైనా కొడితే ఆ తలుపు వైపు అలాగే చూసేది. నేను కుర్చీ చేతుల్ని రెండు చేతులతో పట్టుకున్నాను. దవడ నొప్పి పుట్టింది. కుక్కిన పేనులా కూర్చున్నాను. టపాకాయ అన్నవాళ్ళెవరైనా అప్పుడు నన్ను చూస్తే గుర్తుపట్టేవాళ్ళు కాదు.

నేను మాట్లాడకపోయేసరికి ఆఫీసరే తగ్గింది. "మా పై అధికారి ఊళ్ళో లేరు, ఇందాకే ఫోన్లో మాట్లాడాను. ఫిర్యాదు ఏమీ ఉండదు. తిరిగి అప్పగించారని రాసుకుంటాం. మళ్ళీ గుచ్చినప్పుడు మీ అమ్మగారి ముత్యం మీకు ఇచ్చేస్తాం" అంది. ఒక ఫారం తీసి రాయడం మొదలుపెట్టింది. పేరు, చిరునామా. వస్తువు ఎలా చేతికొచ్చింది? ఏప్రాను అంచులో. ఎప్పుడు దొరికింది? మా ఆవిడ తేదీతో సహా చెప్పింది.

"తిరిగివ్వడంలో ఆలస్యానికి కారణం?"

మా ఆవిడ "భయం" అంది.

"ఎవరికి భయం? కంపెనీకా? ఆ కంపెనీ మూతపడి పదిహేనేళ్ళయింది కదమ్మా. తర్వాతైనా ఇవ్వొచ్చుగా. పోనీ, ఇంట్లోవాళ్ళతో చెప్పి వాళ్ళ చేత పంపించొచ్చుగా."

మా ఆవిడ తల వంచుకుంది. జవాబు చెప్పదు, నాకు తెలుసు. ఎందుకంటే ఏప్రాను ఉతికిన ఆ సాయంత్రం నాకు అప్పుడు గుర్తొచ్చింది. వంటింటి గుమ్మంలో తడి ఏప్రాను చేత్తో పట్టుకుని, "ఏమండీ, పనిలో ఒక విషయం జరిగింది" అని ఆమె మొదలుపెట్టింది. ఆ పొద్దున్నే నేను సూపర్‌వైజరు మీదికి పానా విసిరి మూడో ఉద్యోగం పోగొట్టుకుని వచ్చాను. వాణ్ణి ఇంకా తిడుతూనే ఉన్నాను. "ఏంటి? ఎవడేమన్నాడు నిన్ను? పేరు చెప్పు, ఇప్పుడే వెళ్ళి వాడి అంతు చూస్తాను" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. ఆమె నన్ను చూసింది. ఏప్రానుని వెనక్కి దాచుకుంది. "ఏం లేదండీ. బల్ల మార్చారు, అంతే" అంది. నేను సరే అని అన్నం పెట్టమన్నాను.

ఆఫీసరు కలం పట్టుకుని చూస్తోంది. నోరెత్తనని మాటిచ్చాను. ఎత్తాను.

"నా వల్లండీ" అన్నాను. "నాతో చెప్పబోయింది. నేను విననివ్వలేదు. నాతో చెబితే పరిగెత్తుకెళ్ళి గొడవ చేసి, అందరి ముందూ ఈవిణ్ణి దొంగని చేసి వచ్చేవాణ్ణి. అందుకే చెప్పలేదు."

ఆఫీసరు నన్నూ, ఆమెనూ చూసింది. "అలా రాయమంటారా?"

మా ఆవిడ వద్దండీ అని అడ్డం రాబోయింది. రాయమన్నాను.

ఆవిడ ఆఫీసు భాషలో రాసింది. "ఆలస్యానికి కారణం: భర్త కోపానికి భయపడి." మా ఆవిడ కాయితం తీసుకుని ఆ లైను దగ్గర చాలాసేపు ఆగింది. కళ్ళు తుడుచుకుని, కింద సంతకం పెట్టింది. పెట్టి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. లేవలేదు.

దాని కింద సాక్షి సంతకం అని ఇంకో గీత ఉంది. నేను కలం అడిగి తీసుకుని, ఆ లైను మరోసారి చదువుకుని, సంతకం పెట్టాను.